తడి గదిలో అంకె

పీహెచ్‌డీలో చేరిన ఎనిమిదో ఏడు నేను ఒక పత్రికకి పంపిన వ్యాసం తిరిగొచ్చింది. చదివిన ఇద్దరు నిపుణుల్లో ఒకరు బాగుందన్నారు. రెండోవారు ఒక్క మాటే రాశారు. ఈ సెన్సర్ ల్యాబులో గాజు సీసాలో పనిచేస్తోంది సరే, మనుషులు పని చేసుకునే చోట ముప్పై రోజులు వరసగా పనిచేసి చూపించండి అని. ఆ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, మధ్యాహ్నం క్లాసుకి వెళ్ళిపోయాను. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కొంత ఓపిక కావాలి.

నేను చేసేది గాలిలో తేమని కొలిచే చిన్న పట్టీ. కార్బన్ నానోట్యూబులని ఉంటాయి, కంటికి ఆనని సన్నటి కర్బన గొట్టాలు. గుప్పెడు పోస్తే వంటింటి మసికీ దానికీ తేడా తెలియదు. ఆ మసిని నీళ్ళలో కరిగే పాలిమర్‌తో కలిపి, ప్లాస్టిక్ షీటు మీద పలచగా పూసి ఆరబెడితే నల్లటి పొర వస్తుంది. గాలిలో తేమ పెరిగితే పాలిమర్ దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే లోపలి గొట్టాలు ఒకదానికొకటి ఎడం జరుగుతాయి, కరెంటుకి దారి కష్టమవుతుంది. ఆ కష్టం ఎంతో కొలిస్తే తేమ ఎంతో తెలుస్తుంది. చెప్పుకుంటే ఇంతే. ఇది నికరంగా చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఏటేటా కాంట్రాక్టు. రోజుకి నాలుగు క్లాసులు, ఆపైన పరీక్షల డ్యూటీలు, వేసవిలో అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని ఊళ్ళు తిరగడం. పరిశోధన అంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత, కాలేజీ బస్సు వెళ్ళిపోయేలోగా దొరికిన గంటన్నర. మా ల్యాబుకి ఏసీ లేదు. వానాకాలంలో పొర ఆరదు, ఎండాకాలంలో ఆరి పగులుతుంది. మసి ఉండలు కట్టకుండా విడదీసే యంత్రం ఒకటుంది, సోనికేటర్. చెవిలో ఈగ దూరినట్టు గంటలకొద్దీ గీపెడుతుంది. ఆ గీ ఇంటికొచ్చాక కూడా తలలో ఉండేది. మా ఆయన రాయగడలో రైల్వే ఉద్యోగి, ఆదివారాలు వచ్చేవారు. ఇంటర్ చదివే కూతురూ నేనూ మిగిలిన ఆరు రోజులూ ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకున్నది తక్కువ.

"ఎక్కడైనా ఫ్యాక్టరీ చూడమ్మా. తేమతో పని ఉన్న చోటు. ముప్పై రోజులంటే ఎంత, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అన్నారు మా గైడు సార్.

మా బావ, అంటే మా అక్క భర్త, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్ చేశాను.

"బావా, మీ ఫ్యాక్టరీలో నా సెన్సర్ ఒక నెల పెట్టుకోనిస్తారా?"

"అదేటే అది?"

"గాలిలో తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది."

"తేమ సెప్పీడానికి మాకు ఓ మడిసే ఉన్నాది గదే" అని నవ్వాడు బావ. "సర్లే, తే. మీ అక్క ఎలాగూ నిన్ను సూసి ఏడాదయినాదని గోల పెడతన్నాది."

అలా ఒక ఆదివారం పొద్దున్నే పలాస ప్యాసింజరెక్కాను. ఏప్రిల్ చివర. కోటబొమ్మాళి దాటేదాకా నిద్రపోయాను. ఒళ్ళో అట్టపెట్టె, అందులో మూడు నల్లటి పట్టీలు, అంకె చూపించే చిన్న బోర్డు, డిపార్టుమెంటు వాళ్ళ దగ్గర సంతకం పెట్టి తెచ్చిన కంపెనీ మీటరు. నా పట్టీ చెప్పేది సరైందో కాదో ఆ మీటరు పక్కన పెట్టి చూడాలి.

బావ ఆ మీటరు చూసి, "ఇది కొన్నదే గదా. ఇది కూడా తేమే సెప్తాదా?" అన్నాడు.

"చెబుతుంది."

"మరి నువ్వు సేసీదెందుకే?"

మాది సన్నగా ఉంటుందనీ, మడతపెట్టొచ్చనీ, కాగితం మీద అచ్చేసినట్టు వేలకివేలు చేయొచ్చనీ చెప్పాను. వ్యాసంలో మొదటి పేరాలో అదే రాస్తాం. బావ తలూపాడు గాని, ఆ ప్రశ్న ఆ రోజంతా నాతోనే ఉంది.

ఆ ఫ్యాక్టరీలో తేమతో పని ఎక్కడంటే, పప్పు పొట్టు తీసే ముందు. జీడిపిక్కల్ని ఆవిరికి ఉడికించి, తొక్క పగలగొట్టి, పప్పు తీసి, బట్టీలో ఎండబెడతారు. బట్టీలోంచి వచ్చిన పప్పు అప్పడంలా పెళుసుగా ఉంటుంది. అలాగే పొట్టు తీస్తే విరిగిపోతుంది. అందుకని ఒక గదిలో, గోడలకి తడి గోనెలు వేలాడదీసి, నేల మీద నీళ్ళు చల్లి, ట్రేలలో కొన్ని గంటలు ఉంచుతారు. తడి గది అంటారు దాన్ని. కొంచెం మెత్తబడ్డాక బయటికి తీస్తే పప్పు విరగకుండా గుండుగానే ఉంటుంది, పొట్టు ఊడొస్తుంది. మరీ ఎక్కువ ఉంచితే పొట్టు అంటుకుపోతుంది. ఎప్పుడు తీయాలో చెప్పేది, బావ అన్న ఆ మనిషి.

అరవై దగ్గర పడుతున్న ఆవిడ. ఫ్యాక్టరీలో అందరూ పెద్దత్త అనేవారు, నేనూ అదే అన్నాను. మనిషి సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఉండేది. పాతికేళ్ళు పిక్కలు కొట్టే షెడ్డులో కూర్చుందట. ఆ తొక్కలోంచి కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. తర్వాత తడి గది అప్పగించారు. ట్రేలోంచి ఒక పప్పు తీసి, కింది పెదవికి ఆనించి, కొంచెం రాసి, కళ్ళు మూసుకుని, "ఇంకో అరగంట" అనేది. లేదంటే, "తీసీండి" అనేది. పొట్టు తీసే ఆడవాళ్ళు పాతికమంది ఆ మాట కోసం చూసేవారు. పప్పు విరిగితే వాళ్ళకి కూలీ తగ్గుతుంది.

"పెదవికెందుకు పెద్దత్తా?" అని అడిగాను మొదటి రోజు.

"అలవాటమ్మా" అని ఊరుకుంది.

ఆ అలవాటు ఫ్యాక్టరీ షావుకారుకి నచ్చదని బావ చెప్పాడు. పెదవికి రాసింది మళ్ళీ ట్రేలో వేయకూడదు గదా, అది ఒళ్ళో వేసుకునేది. సాయంత్రానికి ఒళ్ళో గుప్పెడు పప్పులుండేవి. తింటోందని ఒకసారి అందరి ముందూ అన్నాడట.

పట్టీ ఒకటి తడి గది గోడకి అంటించాను. రెండోది గది బయట నడవలో, మూడోది నా సంచిలో. మొదటి పది రోజులకీ మీటరు పక్కనే పెట్టాను. ఆ పది రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను, మిగతా రోజులు బావ ఫోనులో ఫోటోలు పంపేవాడు. నేను అనుకున్నదానికంటే బాగా కలిసింది. మీటరు డెబ్బై అంటే నా పట్టీ అరవైతొమ్మిది అనేది. పెద్దత్త "తీసీండి" అన్నప్పుడల్లా అంకె డెబ్బైకి అటూ ఇటూ ఉండేది. ఆవిడ మాటకీ నా అంకెకీ ఒక పట్టిక రాసుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు సంతోషం కలిగిన కాగితం అదొక్కటే అనుకుంటాను.

పెద్దత్త చదువుకోలేదు గాని అంకెలు వచ్చు. మూడోసారి నేను వెళ్ళేసరికి ట్రేల వైపు చూడ్డం మానేసి గోడ వైపు చూస్తోంది. "ఏడు పక్కన సున్న వచ్చినాది, తీసీండర్రా" అని కేకేసింది. ఆ కేకలో హుషారు ఉంది. నన్ను చూసి, "టీచరమ్మా, నీ పట్టీ మంచిదమ్మా. నాకు సానా సుకంగా ఉన్నాది" అంది. నేను మురిసిపోయాను. ఎందుకు సుఖంగా ఉందో అడగాలని తోచలేదు.

పది రోజులయ్యాక మీటరు తెచ్చేయాల్సి వచ్చింది. డిపార్టుమెంటుకి ఉన్నది అదొక్కటే, ఇంకో అమ్మాయి ప్రాజెక్టుకి కావాలన్నారు. పట్టీ ఒక్కటే గోడ మీద మిగిలింది.

ఇరవై రెండో రోజు ఆదివారం. అక్క ఇంట్లో భోజనం చేసి, ఫ్యాక్టరీకి వెళ్ళి నడవలో ఉన్న పట్టీని పీకి సంచిలో వేసుకున్నాను. ల్యాబులో ఒకసారి సరిచూసుకుందామని. సోమవారం సాయంత్రం దాన్ని సీసాలో పెట్టాను. అడుగున ఉప్పు తడిపి మూత బిగిస్తే సీసాలో గాలి తేమ ఎప్పుడూ డెబ్బై ఐదు దగ్గరే నిలబడుతుంది. పట్టీ సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి అదే మా తూకం రాయి. పట్టీ తొంభై చూపించింది. గంట ఆగాను. తొంభై. తేమ తక్కువ నిలిపే ఇంకో సీసాలో పెట్టాను. దిగాల్సినంత దిగలేదు, యాభై దాటి ఆగిపోయింది. తీసి దీపం కింద పట్టుకుంటే నల్లటి పొర మీద తేనెరంగు జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పిక్కలు ఉడికించేటప్పటి వాసన.

నాకు వెంటనే అర్థమైంది. పాలిమర్ నీటినే కాదు, జీడినూనె ఆవిరినీ పీల్చుకుంది. నీళ్ళయితే వచ్చి పోతాయి. నూనె వచ్చి కూర్చుండిపోతుంది. పొర ఉబ్బే ఉంటుంది, గాలి ఎంత పొడిగా ఉన్నా తేమ ఎక్కువుందనే చెబుతుంది. నడవలో పట్టీ ఇలా అయితే, తడి గదిలోది కూడా అదే దారిలో ఉండి ఉంటుంది.

అప్పుడు బావకి ఫోన్ చేయాలి. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. చెబితే పట్టీ తీసేయాలి. తీస్తే ముప్పై రోజులు పోతాయి, ఇరవై రెండు దగ్గర ఆగిపోతాయి. మళ్ళీ కొత్త పొర, మళ్ళీ సోనికేటర్, మళ్ళీ ప్యాసింజరు. ఎనిమిది రోజులే గదా అనుకున్నాను. తడి గదిలో నీళ్ళుంటాయి గదా, అక్కడిది అంత పాడై ఉండదులే అనుకున్నాను. బస్సు హారను కొట్టింది. రేపు చేద్దాం అనుకుని సంచి తగిలించుకున్నాను.

మంగళవారం చేయలేదు. బుధవారం చేయలేదు. ఆ వారం అడ్మిషన్ల డ్యూటీ వేశారు. ఇద్దరు సహోద్యోగులతో చీపురుపల్లి, గరివిడి వీధుల్లో ఇంటింటికీ తిరిగాం. మీ అబ్బాయికి ఎన్ని మార్కులు, ఏ బ్రాంచి అనుకుంటున్నారు, మా కాలేజీ బస్సు మీ సందు చివరికే వస్తుంది. ఈ మూడు మాటలూ రోజుకి ఎన్నిసార్లు అన్నానో. రాత్రి పడుకుంటే ఒక్క ఆలోచనా ఉండేది కాదు.

గురువారం పడమటి గాలి తిరిగింది. ఉత్తరాంధ్రలో సముద్రపు గాలి ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు జిడ్డోడుతుంది గాని, పడమటి గాలి వస్తే పెదాలు పగిలిపోతాయి, తలుపుల చెక్క టపటపమంటుంది. గరివిడిలో ఒక ఇంటి ముందు నీడ కోసం గోడకి ఆనుకుని నిలబడి ఉండగా బావ ఫోను వచ్చింది.

"ఏటే, నీ మిషను ఏటి సెప్తన్నాదే? పొద్దున్నించి పప్పంతా ఇరిగిపోతన్నాది. గుండన్నది నేదు. అంతా బద్దలూ, నూకే."

"అంకె ఎంతుంది బావా?"

"డెబ్బై రెండు. అది సూసే ముసల్ది ట్రేలు తీయించీసినాది. షావుకారు మండిపోతన్నాడు."

చెప్పాల్సింది అప్పుడే. లోపలినించి ఆ ఇంటావిడ చెంబుతో మజ్జిగ తెస్తోంది. సహోద్యోగి నన్ను రమ్మని సైగ చేస్తున్నాడు. "గోనెలు బాగా తడిపించు బావా. శనివారం వచ్చి చూస్తాను" అన్నాను. అబద్ధం కాదు. కాని నిజమూ కాదు. ఆ మజ్జిగ తాగాను.

శనివారం పలాసలో దిగేసరికి పది దాటింది. ఫ్యాక్టరీ గేటు లోపల, పొట్టు గుట్టలు పోసే చోట, ఎండలో కూర్చుని పెద్దత్త పొట్టులోంచి నూక ఏరుతోంది. తడి గదిలోకి వెళ్ళొద్దన్నారట. శుక్రవారం కూడా పప్పు అలాగే విరిగింది. పొట్టు తీసే ఆడవాళ్ళు పెద్ద గొడవ చేశారట, రెండు రోజుల కూలీ సగమైందని. నిద్రపోతోందనీ, తింటూ కూర్చుంటోందనీ, ముసలిదానికి తెలివి పోయిందనీ ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు.

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ తలెత్తలేదు.

"పెద్దత్తా, ఆ అంకె తప్పు. పట్టీ పాడైపోయింది. నీ తప్పు కాదు."

చేతులు ఆగాయి. "అలగా" అంది.

"నీకు అనుమానం రాలేదా? పప్పు పట్టుకుంటే తెలిసేది కదా నీకు."

అన్నాక నాకే అనిపించింది, తప్పు నాది పెట్టుకుని ఆవిణ్ణి అడుగుతున్నాను. ఆవిడ రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా, గీతలన్నవి లేకుండా ఉన్నాయి. నదిలో అరిగిన రాళ్ళలా.

"ఈటికి ఏటీ తెలవదమ్మా. మూడేల్లయినాది. వేడి తెలవదు, తడి తెలవదు. అన్నం కలుపుకుంటే కాలినాదో నేదో బొబ్బ సూసి తెలుసుకోవాల. అందుకే పెదవికి రాసీదాన్ని. ఎవులికీ సెప్పనేదు. సెప్తే ఆ గదినించి తీసీరా? నీ అంకె వచ్చింతర్వాత పెదవికి రాసుకోడం మానీసినాను. దొంగ అనిపించుకోకుండా బతకొచ్చు గదా అని."

ఆవిడే మళ్ళీ అంది, "సేతుల సంగతి మీ బావకి సెప్పకు. మిషను తప్పని సెప్పు సాలు." తర్వాత, "అలగంటే నీ సదువుకి ఏటన్నా అవుతాదా?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఎత్తిపొడుపు లేదు అందులో. ఉంటే నాకు తేలికగా ఉండేది.

బావ తన చిన్న గదిలో లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. జీడినూనె ఆవిరికి పొర పాడైందని, అంకె ఇరవై దాకా ఎక్కువ చూపిస్తోందని, సముద్రపు గాలి ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు బయటపడలేదని, ల్యాబులో చూశానని.

"ఎప్పుడు సూసినావు?"

"సోమవారం."

"సోమారం తెలిస్తే గురువారం దాకా ఏటి సేసినావే? గురువారం నేను ఫోన్ సేసినప్పుడైనా సెప్పొచ్చు గదా?"

థీసిస్ అనొచ్చు, అడ్మిషన్లు అనొచ్చు. రెండూ నిజమే. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఓపిక లేకపోయింది బావా."

బావ లెక్కల పుస్తకం మూసి నా వంక చూశాడు. చిన్నప్పటినించీ నన్ను ఎరిగిన మనిషి. తిడతాడనుకున్నాను.

"ఓపిక ఎవుడికున్నాదే ఇక్కడ" అన్నాడు. లేచి చొక్కా సర్దుకున్నాడు. "పద, షావుకారుతో సెప్దాం."

షావుకారు డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. ఫ్యాను కింద చొక్కా లేకుండా కూర్చుని అంతా విన్నాడు. మధ్యలో ఒకే ప్రశ్న అడిగాడు.

"అది సెడిపోతాదని నీకు ముందు తెలవదా అమ్మా?"

"ఈ నూనె ఆవిరికి చెడిపోతుందని తెలియదండీ. చెడిపోయిందని మాత్రం సోమవారమే తెలిసింది. చెప్పలేదు. తప్పు నాది. పెద్దత్తది కాదు."

ఆయన బావతో, "ముసల్దాన్ని లోపలికి పంపీ. ఆ పట్టీ ఇప్పీ" అన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనకనించి, "మజ్జిగిచ్చి పంపండ్రా, ఎండలో వచ్చినాది" అనడం వినపడింది.

పొట్టు తీసే షెడ్డులోకి వెళ్ళి వాళ్ళకీ చెప్పాను. ఎవరూ చేతులాపలేదు. కత్తుల చప్పుడులో నా మాటలు సగం మందికి వినబడి ఉండవు. ముందు వరసలో ఒకావిడ పని చేస్తూనే అంది, "మరి ఈ రెండు దినాలూ మేం దానిని అన్న మాటలు ఇప్పుడు ఎవులు తీసుకోవాలమ్మా? నువ్వు తీసుకుంటావా?" పక్కవాళ్ళు నవ్వలేదు. నేను తీసుకుంటానని అనలేదు. సారీ అన్నాను. ఆ మాట ఆ షెడ్డులో చాలా చిన్నదిగా పడింది. పోయిన కూలీ సంగతి షావుకారు తర్వాత కొంత సర్దాడని బావ చెప్పాడు. నేనూ కొంత బావ చేతికిచ్చాను. బావ వద్దనలేదు.

పెద్దత్త తడి గదిలోకి తిరిగి వెళ్ళింది. షావుకారు బజార్లో దొరికే మీటరు ఒకటి కొనిపించి గోడకి పెట్టించాడు. అది బాగానే పనిచేసింది. దాని పొరకి పైన నూనె ఆవిరి తగలకుండా వడపోత మూత ఉంది. ఇది తెలిశాక రైల్లో కూర్చుని ఒక్కదాన్నే కాసేపు నవ్వుకున్నాను. నా పట్టీకి మూత పెట్టాలన్న ఆలోచన ఎనిమిదేళ్ళలో నాకు రాలేదు. మాది మూత అక్కర్లేనంత పలచన అని వ్యాసంలో గొప్పగా రాసుకున్నాను.

నిజం చెప్పాక అన్నీ యథాస్థానానికి వస్తాయని అనుకుంటాం. ఆ తర్వాత నెలలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు బావ చెప్పాడు. పెద్దత్త "తీసీండి" అన్నాక కూడా ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ట్రేలోంచి ఒక పప్పు తీసి నొక్కి చూసుకుంటున్నారట. ఎవరూ ఏమీ అనరు. నొక్కి చూసి అప్పుడు తీసుకుంటారు. ఇదివరకు అలా చేసేవాళ్ళు కారు. వానలు మొదలయ్యాక ఆవిడే వచ్చి, "బాబూ, నన్ను పొట్టు కాడికి ఎయ్యి" అని అడిగిందట. ఎందుకని బావ అడిగితే, "ఆ గది తడికి మోకాల్లు పీకుతన్నాయి" అందట. బావ నమ్మాడో నమ్మినట్టు ఉన్నాడో తెలియదు. చేతుల సంగతి నేను ఆయనకి ఈనాటికీ చెప్పలేదు.

గైడు సార్‌కి అంతా చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొదటి పది రోజులూ చాలా బాగా వచ్చింది కదమ్మా. అది రాయి. మిగతాది ఎవరడిగారు?"

"నెల రోజులు అడిగారండీ."

"పది రోజులు చేశామని రాద్దాం. అబద్ధం కాదు."

గరివిడిలో మజ్జిగ తాగుతూ నేను అనుకున్నదీ అదే మాట. "మొత్తం రాస్తానండీ" అన్నాను. ధైర్యంతో అనలేదు. దాచడానికి ఇంకో పని పడుతుంది, దాన్ని మోయలేననిపించింది. సార్ నిట్టూర్చి, "నీ ఇష్టం, ఇంకో ఏడాది పడుతుంది మరి" అన్నారు.

ఏడాదిన్నర పట్టింది. బావ ఒక సీసాలో జీడినూనె పంపాడు. కొత్త పట్టీలు చేసి, ఆ ఆవిరి ఎన్ని రోజులు తగిలితే అంకె ఎంత తప్పుతుందో కొలిచాను. ల్యాబంతా ఆ వాసనే. పక్క గదివాళ్ళు తలుపులు వేసుకునేవారు. నా చూపుడువేలి మీద ఒక చుక్క పడి చర్మం లేచింది, మూడు వారాలకి గాని మానలేదు. ఒక్క చుక్కకే అలా ఉంటే పాతికేళ్ళంటే ఏమిటో, చాక్‌పీసు పట్టుకున్నప్పుడల్లా అనుకునేదాన్ని. థీసిస్‌లో ఆరో అధ్యాయం అదే. వైవా రోజు బయటినించి వచ్చిన పరీక్షకుడు ఆ అధ్యాయం మీద ప్రశ్నేమీ వేయలేదు. పేజీలు తిప్పి, "ఇంట్రెస్టింగ్" అని, రైలు టైమవుతోందని గడియారం చూసుకున్నాడు.

డిగ్రీ వచ్చింది. కాలేజీలో శాలువా కప్పి ఫోటో తీశారు. పేరు ముందు డాక్టరని రాసిన కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారు. వారం తిరక్కుండా అడ్మిషన్ల కరపత్రాల కట్ట చేతికొచ్చింది. ఈసారి వాటి మీద నా ఫోటో ఉంది, మా అధ్యాపకులు అన్న శీర్షిక కింద.

పోయిన కార్తీకమాసంలో టెక్కలి బస్టాండులో పెద్దత్త కనబడింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో శ్రీముఖలింగం వెళ్తోంది. చేతిలో కొబ్బరికాయల సంచి. నేను గుర్తుపట్టేలోగా తనే పిలిచింది.

"టీచరమ్మా! సిక్కిపోనావేటి?"

ఫ్యాక్టరీ మానేసి ఏడాది దాటిందట. మోకాళ్ళు నిజంగానే నొప్పులట. కూతురు ఇంటి వెనక చిన్న వసారాలో ఉంటోందట. "ఇప్పుడేం చేస్తున్నావు పెద్దత్తా?" అన్నాను.

"ఏటీ నేదు. మద్దేనం పడుకుంటన్నానమ్మా" అంది, పెద్ద సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించి. "ఇన్నేల్లూ మద్దేనం ఇంటికాడ ఎలగుంటాదో నాకు తెలవదు. ఎంత నిశ్సబ్దంగా ఉంటాదో! కోడి కూడా కూయదు. కల్లు మూసుకుంటే సాయంత్రం అయిపోతాది."

"బాగుందా?"

"బాగుంటాది." ఆలోచించింది. "ఒక్కోపాలి ఏటీ తోచదు. ఐనా బాగుంటాది. నువ్వూ పడుకో అమ్మా, సెలవులుంటాయి గదా మీకు."

ఉంటాయన్నాను. వాళ్ళ బస్సు వచ్చింది. తోటివాళ్ళు కేకేస్తుంటే సంచి భుజానికి తగిలించుకుని గబగబా నడిచింది. మెట్టు ఎక్కేటప్పుడు పక్కావిడ చెయ్యి అందించింది. కిటికీ పక్కన కూర్చుని తల బయటికి పెట్టి, "మీ బావని అడిగినానని సెప్పు" అంది.

చెబుతానన్నాను. నా బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉందన్నారు. బెంచీ మీద ఎవరో లేస్తే అక్కడ కూర్చున్నాను. సంచిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. తీద్దామనుకుని తీయలేదు.